గరిటమ్మ డచ్చి నేర్చుకున్న సంగతి

ఆ ఇంట్లో భోజనానికి ఎవరూ ఎవరినీ పిలవరు. వంట అయిపోగానే గరిటమ్మ గరిటతో గిన్నె అంచు మీద టంగుమని ఒక్కటి కొడుతుంది. ముందుగదిలో ఉన్న కూతురు ఆ చప్పుడు విని లేచి, చేతులు కడుక్కొచ్చి పళ్ళెం ముందు కూర్చుంటుంది. "రా", "చల్లారిపోతోంది", "ఇంకెంతసేపే" లాంటి మాటలు ఆ ఇంటి గోడలు విని ఏళ్ళు గడిచిపోయాయి. పెరట్లోకి వచ్చే పిల్లిని కూడా ఆవిడ నోరారా పిలవదు. చిప్పను నేలకేసి తడుతుంది.

గరిటమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పంపులు తయారుచేసే కర్మాగారంలో, క్యాంటీన్‌లో తోటివాళ్ళు తగిలించిన పేరు. అక్కడా ఆవిడది అదే పద్ధతి. పళ్ళాలు తెమ్మనడానికి ఒక దెబ్బ, పొయ్యి తగ్గించమనడానికి రెండు. పోనీ నోరు లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. ఉప్పు తక్కువైందని సణిగిన ఫోర్‌మన్‌ను "నాలిక తుప్పు పట్టినట్టుంది, కాస్త నూనె వేయించుకో బాబూ" అని సాగనంపిన నోరు అది. మనిషిని పేరు పెట్టి పిలవాల్సి వచ్చినప్పుడు మాత్రం మూతపడిపోతుంది. కారణం తెలియనివాళ్ళు దానికి పొగరు అని పేరు పెట్టారు. తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఆ ఏడాది కర్మాగారంలో కొత్త యంత్రాలు దించారు. వాటిని బిగించడానికి డచ్చి ఇంజనీర్లు కొందరు వచ్చి దిగారు. గుమ్మం తగలకుండా వంగి లోపలికొచ్చేంత ఎత్తు మనుషులు, మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చుని బిక్కమొహాలు వేసేవారు. ఇదేమిటని వాళ్ళు అడగలేరు, ఇది ఫలానా అని వీళ్ళు చెప్పలేరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే సాగింది వ్యవహారం. చివరికి మేనేజరు ఒక ఉపాయం ఆలోచించాడు. క్యాంటీన్ వాళ్ళందరూ తిండి వరకు డచ్చి మాటలు నేర్చుకోవాలన్నాడు. తిండి దగ్గర ఎవరూ పరాయివాళ్ళు కాకూడదట. మాట మంచిదే. నేర్చుకోవాల్సింది తను కాదు కాబట్టి సులువుగా అనేశాడు.

నేర్పడానికి నావమాస్టారు వచ్చారు. బతుకంతా ఓడల్లో సరుకుల గది చూసుకుని, డచ్చివాళ్ళ రేవులోనే సగం జుట్టు నెరిపించుకున్న పెద్దాయన. మధ్యాహ్నం వడ్డన అయ్యి, బల్లలు తుడిచాక పాఠం మొదలు. ఆయన పద్ధతి వేరు. పలకా బలపం లేవు, బల్ల మీద ఖాళీ పళ్ళాలు, ఖాళీ గ్లాసులు. లేనిదాన్ని ఉన్నట్టే వడ్డించాలి, ఉన్నట్టే తినాలి, తింటూ దాని పేరు చెప్పాలి. "నిజం తిండి పెడితే మీరు తింటారు గానీ మాట్లాడరు" అనేవారాయన.

అలా వాళ్ళు లేని రొట్టెను తుంచుతూ "హెట్ బ్రోట్" అన్నారు. లేని పాలు తాగుతూ "ద మెల్క్" అన్నారు. జున్ను "కాస్", గుడ్డు "ఐ", చెంచా "లేపల్". బంగాళాదుంప "ఆర్డాపల్" అనీ, ఆ మాటను విడదీస్తే నేల యాపిల్ అనీ తెలిసి అందరూ పడీపడీ నవ్వారు. చాలు అనడానికి "ఖనూఖ్" అనాలి. అది పలికితే గొంతులో ముల్లు గుచ్చుకున్నంత పని అయ్యేది.

"మాస్టారూ, కొన్నిటికి ముందు ద అంటారు, కొన్నిటికి హెట్ అంటారు. ఏది దేనికో ఎలా తెలుస్తుంది?" అని పళ్ళాలు కడిగే ఆవిడ అడిగింది.

"మీ అత్తగారు కొన్ని రోజులు నవ్వుతుంది, కొన్ని రోజులు మూతి ముడుస్తుంది. ఎందుకో నీకు తెలుసా?"

"తెలీదు."

"అయినా కాపురం చేశావా లేదా? ఇదీ అంతే. అలవాటు చేసుకో."

అందరిలోకీ గరిటమ్మకే తొందరగా పట్టుబడింది. మాట చెవిన పడితే చాలు, నాలుక మీదికి వచ్చేసేది. ఇక్ ఏట్, నేను తింటాను. యై ఏట్, నువ్వు తింటావు. హై ఏట్, వాడు తింటాడు. కూరలు తరుగుతూ, పొయ్యి తుడుస్తూ, ఇంటికి నడుస్తూ అవే వల్లె వేసుకునేది. కొత్త చీర కట్టుకున్నట్టుగా ఉండేది ఆవిడకి. ఈ మాటల్లో ఏదీ ఎప్పుడూ ఎవరి కోసమూ ఏడవలేదు.

అంతా సాఫీగా పోతుండగా ఒకరోజు మాస్టారు కుటుంబం పాఠం ఎత్తుకున్నారు.

"నువ్వు అమ్మవి" అన్నారు గరిటమ్మతో. "ఈ పళ్ళాలావిడ నీ కొడుకు. వాడు బయట ఆడుకుంటున్నాడు. వంట అయిపోయింది. పిలువు. కొమ్ యె ఏటన్? అంటే, తినడానికి వస్తావా?"

భారీ శరీరం గల ఆ కొడుకు కొళాయిల దగ్గరికి వెళ్ళి, లేని గాలిపటం ఎగరేయడం మొదలుపెట్టింది. అందరూ విరగబడి నవ్వారు. గరిటమ్మ గరిట తీసి పళ్ళెం మీద టంగుమని కొట్టింది. ఇంకా నవ్వారు.

"డచ్చి పిల్లలకి గరిట భాష రాదమ్మా" అన్నారు మాస్టారు.

"ఇంకేదైనా చెప్పండి మాస్టారూ. బల్ల మీద ఉన్నవన్నీ ఏకరువు పెడతాను. పిలవడం మాత్రం నా వల్ల కాదు."

ఆవిడ మొహం చూసి నవ్వులు ఆగిపోయాయి.

ఆ కథ ఇక్కడే చెప్పేస్తాను. గరిటమ్మ భర్త పిల్లల చిన్నతనంలోనే జబ్బు చేసి పోయాడు. ఇద్దరు పిల్లలు, పెద్దది ఆడపిల్ల, చిన్నవాడు మగపిల్లవాడు. ఇంటి ముందే పెద్ద రోడ్డు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం వాడు రోడ్డవతల టైరు దొర్లించుకుంటున్నాడు. వడ్డన అయింది. ఆవిడ గడపలో నిలబడి "ఒరేయ్ చిన్నా, అన్నం చల్లారిపోతోంది, పరిగెత్తుకు రారా!" అని కేకేసింది. పది పిలుపులకు గానీ కదలని వెధవ, ఆ రోజు ఒక్క పిలుపుకే వచ్చాడు. లారీవాడి తప్పు కాదని అందరూ అన్నారు. గరిటమ్మ కూడా అదే అంది. తప్పు ఎవరిదో ఆవిడకు తెలుసు. ఆ పిలుపు తన గొంతులోంచి వచ్చింది.

ఆ రోజు నుంచి ఆవిడ ఎవరినీ పిలవలేదు. పిలవకపోయినా అడుగులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఇంట్లో గరిట మోగిన ప్రతిసారీ రోడ్డవతల నుంచి చిన్న చెప్పుల టపటప వినబడుతుంది. పరిగెత్తుకుంటూ వస్తుంది, వచ్చి గడప ఇవతలికి రాకుండా ఆగిపోతుంది. ఇల్లు మారదామని కూతురు ఎన్నోసార్లు అంది. మారితే ఆ అడుగులు దారి తప్పి ఎక్కడికి పోతాయోనని ఆవిడ భయం. భయమని చెప్పకుండా అద్దె తక్కువని చెప్పేది.

ఇదేదీ నావమాస్టారికి తెలియదు. తెలిస్తే అలా అనేవారు కాదేమో.

"ఎందుకమ్మా జంకు? ఈ మాట నీది కాదు. మీ అమ్మది కాదు, మీ వీధిది కాదు. ఎవరూ ఎవరినీ ఈ మాటతో నీ ఎదుట పిలవలేదు. నీ వరకు ఇది ఇవాళ పుట్టిన మాట. దానికి ఏ పాపమూ తెలియదు."

గరిటమ్మ గరిట కింద పెట్టింది. చివరికి "కొమ్ యె ఏటన్?" అంది. మాట బయటికొచ్చింది.

"ఇక్ కొమ్!" అని కొళాయిల దగ్గర నుంచి పళ్ళాలావిడ అరిచింది. వస్తున్నా అని.

పళ్ళాలావిడ తీరిగ్గా, ఒగరుస్తూ నడిచి వచ్చింది. ఆవిడ కన్నా ముందే వచ్చాయి ఆ అడుగులు. గచ్చు మీద టపటపమంటూ బల్లల మధ్య నుంచి పరిగెత్తుకొచ్చి, ఈసారి ఆగకుండా, గరిటమ్మ పక్కనున్న ఖాళీ కుర్చీ దాకా వచ్చేశాయి. కుర్చీ కాలు కిర్రుమంది.

"బాగా పిలిచావమ్మా" అన్నారు మాస్టారు.

మర్నాడు గరిటమ్మ డ్యూటీ దిగి ఇంటికి ఇంచుమించు పరిగెత్తింది. కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, దీపాలు పెట్టే వేళకు గానీ రాదు. ఆవిడ తలుపు చేరవేసి, ఒక పళ్ళెం పెట్టి, అందులో కాస్త రొట్టె పెట్టి, మెల్లగా "కొమ్ యె ఏటన్?" అంది. టపటప అడుగులు రోడ్డు దాటాయి. గడప దాటాయి. గది మధ్యకు వచ్చి ఆగాయి. ఎవరూ కనబడలేదు. పెరుగుతున్న పిల్లవాడి ఒంటి చెమట వాసన మాత్రం వచ్చింది. ఆవిడ భయపడాల్సింది. భయపడలేదు. "హై ఏట్ బ్రోట్" అంది, వాడు రొట్టె తింటాడు అని. ఏడుస్తూ నవ్వింది.

ఇక అదే రోజూ పని అయింది. వాళ్ళు చదువుతున్నది మొదటి పుస్తకం. అందులో గడిచిన కాలం లేదు. తింటాడు, తాగుతాడు, వస్తాడు, ఉన్నాడు, అంతవరకే. తెలుగులో వాడి గురించి ఏం మాట్లాడినా చివర "ఉండేవాడు" అని అనక తప్పదు. ఈ భాషలో ఆ మాటే ఇంకా నేర్పలేదు. అందుకే ఈ భాషలో వాడు ఉన్నాడు. పాలు తాగుతాడు. ఇంకాస్త కావాలంటాడు. "నొఖ్ ఎన్ బేచ?" అని అడిగి ఆవిడే ఇంకాస్త వడ్డిస్తుంది.

క్యాంటీన్‌లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. గరిటమ్మ మొహంలో కళ వచ్చింది. డచ్చి ఇంజనీర్ల పెద్దాయన చాలని చెయ్యి అడ్డం పెడితే కూడా "నొఖ్ ఎన్ బేచ" అంటూ దబాయించి వడ్డించేది. ఆయన మురిసిపోయి రెండు కిలోలు బరువెక్కాడు.

ఇంట్లో కూతురికి మాత్రం ఆ కళలో వాటా దక్కలేదు. రాత్రి భోజనానికి అదే గరిట, అదే టంగు. ఇదివరకు కనీసం పళ్ళెం వైపు చూసి వడ్డించేది. ఇప్పుడు వడ్డిస్తూ గుమ్మం వైపు చూస్తోంది.

"అమ్మా, మా ఓనరు పక్క ఊళ్ళో ఇంకో కొట్టు తెరుస్తున్నాడు. అక్కడికి వెళ్తావా అని అడిగాడు. అక్కడే గది చూసుకోవాలి" అని కూతురు ఒకరోజు అంది.

"ఊఁ" అంది గరిటమ్మ.

"సెలవు రోజు తరవాత చెప్పమన్నాడు. ఏం చెప్పను?"

"నీ ఇష్టం."

ఆ పిల్ల చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. తల్లికి ఆ సంగతి పట్టనే లేదు. రేపటి పాఠం గురించి ఆలోచిస్తోంది.

ఆ రేపటి పాఠంలో మాస్టారు చేతులు రుద్దుకుంటూ "మొదటి పుస్తకం అయిపోవచ్చింది. ఇంక గడిచిన కాలంలోకి వెళ్దాం" అన్నారు. "హై ఏట్ అంటే వాడు తింటాడు. హై ఆట్ అంటే తిన్నాడు. అయిపోయింది, పళ్ళెం తీసేయొచ్చు. అందరూ అనండి."

అందరూ అన్నారు. గరిటమ్మ లేచి నిలబడింది.

"తలనొప్పిగా ఉంది మాస్టారూ" అని చెప్పి బయటికి వచ్చేసింది. మళ్ళీ ఆ పాఠానికి వెళ్ళలేదు. తనకు కావలసినంత నేర్చుకుంది, ఇంక ఒక్క ముక్క కూడా అక్కర్లేదు.

సెలవు రోజు వచ్చింది. కూతురు ఏదో కొనుక్కొస్తానని బజారుకు వెళ్ళింది. ఎండ నడినెత్తికి వచ్చింది. వాడు పోయింది సరిగ్గా ఆ వేళే కాబట్టి గరిటమ్మకు చెయ్యి ఆగలేదు. వంట దించి, పళ్ళెం పెట్టి, వడ్డించి పిలిచింది. అడుగులు వచ్చాయి. ఆవిడ పళ్ళెం ముందు చతికిలబడి, లేని చేతికి చెంచా అందిస్తూ, బుజ్జగిస్తూ మాట్లాడుతోంది. కొమ్, కొమ్. నొఖ్ ఎన్ బేచ.

"ఎవరితోనమ్మా?"

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. టపటప చప్పుడు చప్పున ఆగిపోయింది.

"పాఠం… వల్లె వేసుకుంటున్నా."

"ఆ పళ్ళెం తమ్ముడిది. పై అరలో గుడ్డ చుట్టి పెట్టావు, నాకు తెలుసు." కూతురు కొన్నవి కింద పెట్టలేదు, లోపలికీ రాలేదు. "నెల నుంచి వింటున్నాను. దుకాణం నుంచి త్వరగా వచ్చిన రోజుల్లో బయట మెట్టు మీద కూర్చుని వింటున్నాను. వాణ్ణి పిలుస్తున్నావు. ముద్దుగా పిలుస్తున్నావు. నాకు మాత్రం గరిట."

"అది కాదే…"

"నాకు తెలుసమ్మా ఎందుకో. ఎప్పటినుంచో తెలుసు. ఆ రోజు నేనే కదా అన్నాను. ఆకలేస్తోంది, తమ్ముణ్ణి పిలువమ్మా అని. వాడొస్తే గానీ నన్ను తిననివ్వవు కదా, పిలువు పిలువు అని నీ కొంగు పట్టి లాగాను. నేను గోల చేయకపోతే నువ్వు పిలిచేదానివి కాదు. అందుకే కదా ఇన్నేళ్ళుగా నన్ను పిలవవు?"

గరిటమ్మ చేతిలోంచి చెంచా జారిపోయింది. ఆ రోజుది ఆవిడకు అణువణువూ గుర్తుంది. ఎండ, టైరు, గిన్నెలోంచి వస్తున్న ఆవిరి, తన కేక. కొంగు లాగిన చెయ్యి మాత్రం గుర్తు లేదు. ఒక్కనాడూ గుర్తు రాలేదు. తన తప్పును తనే కౌగిలించుకుని కూర్చున్న మనిషికి, అదే తప్పును తన పక్కనే ఇంకో పిల్ల మోస్తోందని తెలియనే లేదు. అన్నం పెడుతూనే ఉంది, గరిట కొడుతూనే ఉంది. కొట్టిన ప్రతిసారీ ఆ పిల్లకు ఏమని వినబడిందో ఇప్పుడు తెలిసింది.

"నాకు గుర్తే లేదే" అంది. "నువ్వు లాగావని నాకు గుర్తే లేదు."

కూతురు నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? చేతి సంచి గడప మీద పెట్టి, వెనక్కి తిరిగి, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. ఎక్కడికో పోలేదు. అవతల మూసి ఉన్న సైకిల్ షాపు ముందు చెక్కబల్ల మీద ఇటే తిరిగి కూర్చుంది. ఒకప్పుడు తమ్ముడు టైరు దొర్లించుకున్న చోటు అది.

గరిటమ్మ గడపలోకి వచ్చింది. చేతిలో గరిట ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఆవిడకే తెలియదు. ఎదురుగా రోడ్డు, రోడ్డు మీద లారీలు, అవతల ఆకలితో ఉన్న పిల్ల. అన్నీ అలాగే ఉన్నాయి. కొడితే వస్తుందేమో. రాదు, ఈసారి రాదు. రేపు దుకాణం ఓనరుకు సరేనని చెప్పి, బట్టలు సర్దుకుని వెళ్ళిపోతుంది. ఆ తరవాత ఈ ఇంట్లో వినబడేవి ఒక్కడి అడుగులే, ఆ ఒక్కడూ లేనివాడు.

కొమ్ అందామనుకుంది. నాలుక చివరి దాకా వచ్చింది. ఏ పాపమూ తెలియని మాట, ఏ భయమూ లేని మాట. కానీ ఆ మాట ఆ పిల్లది కాదు. దానితో పిలిస్తే ఎవరొస్తారో ఆవిడకు తెలుసు.

గరిట గడప మీద పెట్టింది. నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది.

"చిట్టీ!"

ఆ పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో. అవతల ఆ పిల్ల చివాలున లేచి నిలబడింది.

"చిట్టితల్లీ, అన్నానికి రా!" అని, ఆ పిల్ల కాలు కదపబోతుంటే రెండు చేతులూ అడ్డంగా చాచి అరిచింది. "ఆగు! పరిగెత్తకు! మెల్లగా రా అమ్మా. ఆ లారీ పోనీ. ఇంకోటి వస్తోంది, అదీ పోనీ. మెల్లగా. అన్నం ఎక్కడికీ పోదు. చల్లారితే చల్లారనీ."

ఆ పిల్ల ఇటు చూసింది, అటు చూసింది. లారీ పోయింది, ఇంకోటీ పోయింది. ఏడుస్తూ, చిన్నపిల్లలా ముక్కు తుడుచుకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ రోడ్డు దాటింది. తల్లి ఆ అడుగులన్నిటినీ చూసింది. గడప దాటి లోపలికి వచ్చాక గానీ ఆవిడ ఊపిరి తీసుకోలేదు.

ఆ వెనకే టపటప చప్పుడైంది. రోడ్డవతల నుంచి పరిగెత్తుకొచ్చి, గడప దగ్గర ఆగిపోయింది. గరిటమ్మ బిగుసుకుపోయింది. కూతురు వెనక్కి తిరిగి, ఖాళీ గడప వైపు చూసింది.

"నీకూ వినబడుతుందా?" అంది తల్లి.

"చిన్నప్పటినుంచీ" అంది కూతురు. "నాకొక్కదానికే అనుకున్నాను."

ఇద్దరూ గడప వైపే చూస్తూ నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. కాసేపటికి తల్లి కిందికి వంగి, పళ్ళెంలోని అన్నాన్ని పిల్లికి వేయడానికి చిప్పలోకి తీసి, ఆ పళ్ళెం కడిగి బోర్లించింది.

"హై ఆట్" అంది తనలో తను.

"అంటే ఏమిటమ్మా?"

"వాడు తిన్నాడు అని" అంది గరిటమ్మ. "నువ్వు కూర్చో. నీకు వడ్డిస్తాను."